రోడ్డు అవతలి నీళ్లు

మా ఇంటి ముందు రోడ్డు పెద్ద వెడల్పేమీ కాదు. రెండు ఆటోలు ఎదురుపడితే ఒకటి పక్కకు జరిగి ఆగాల్సిందే. మున్సిపాలిటీ నీళ్ల పైపు ఆ రోడ్డుకు అవతలి అంచున పోతుంది. మా ఇల్లు ఇవతలి అంచున ఉంది. అవతలి వరస ఇండ్లన్నిటికీ నల్లాలు వచ్చాయి. మా వరసకు తర్వాత ఇస్తామన్నారు. ఇచ్చేలోపే సిమెంటు రోడ్డు వేశారు.

ఇంట్లో బోరు ఉన్నంతకాలం అది పెద్ద లోటనిపించలేదు. బోరు ఎండిపోయిన ఏడాదే మా అత్త వాకిట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసినా నడక రాలేదు. అప్పటినుంచి ఆమెకు అన్నీ మంచంలోనే. మంచంలో ఉన్న మనిషికి ఎన్ని నీళ్లు కావాలో చేసినవాళ్లకే తెలుస్తుంది. తాగేది చెంబెడే. కడగడానికి, తుడవడానికి, బట్టలు నానబెట్టి పిండడానికి ఎన్ని బిందెలైనా చాలవు. పైగా నేను బీడీలు చుడతాను. తునికాకు తడిపి గోనెపట్టాలో చుట్టి పెట్టకపోతే కత్తెర తగలగానే పొడిపొడి అవుతుంది. దానికి ఒక బకెట్ పక్కన పెట్టాలి. ఆకుకు ఉంచాలా, అత్తకు ఉంచాలా అని ఆలోచిస్తూ బకెట్ ముందు నిలబడిపోయిన రోజులు ఉన్నాయి.

నీళ్లు ఎదురింటి అక్క ఇచ్చేది. ఆమె ఎన్నడూ కాదనలేదు. ఆ కాదనకపోవడమే నాకు బరువయ్యేది. నల్లా వచ్చేది దినం విడిచి దినం, అదీ కాసేపు. నేను బిందె పట్టుకుని గేటు దగ్గరికి రాగానే ఆమె నల్లా కింద నిండుతున్న తన గుండీగను పక్కకు జరిపేది. ఆమె కోడలు ఏమీ అనేది కాదు గానీ నేను ఉన్నంతసేపూ నల్లా వైపే చూస్తూ నిలబడేది. ఒకసారి రోడ్డు మీదుగా రబ్బరు గొట్టం వేసి చూశాం. సాయంత్రానికి బండ్లు తొక్కి దాన్ని రెండు ముక్కలు చేశాయి.

నా కొడుకు లారీ నడుపుతాడు. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడిచినప్పుడు చెరకు వేసుకుని పొద్దున పోతే రాత్రికి ఇంటికి వచ్చేవాడు. అది మూతబడ్డాక చెరకు మహారాష్ట్రకు పోతోంది, దాని వెంట వాడూ పోతున్నాడు. చెరకు లేని రోజుల్లో మక్కలు, బియ్యం. ఇంటికి వచ్చిన రోజు వాడికి నిద్ర తప్ప ఇంకేదీ పట్టదు. వాడిని లేపి నల్లా సంగతి చూడమనడానికి నాకు మనసు రాలేదు. అట్లా ఆ పని నా మీద పడింది.

నల్లా మేస్త్రి వచ్చి ఇల్లు చూశాడు, రోడ్డు చూశాడు. "పైపుదేమున్నదమ్మ, పొద్దుగాల్ల మొదలువెడితే పొద్దుమూకేసరికి అయిపోతది. రోడ్డు తెంపుడే పెద్ద కథ. పర్మిషన్ తెచ్చుకో" అన్నాడు. తెస్తానన్నాను.

ఇక్కడ మా వైపు సంగతి కొంత చెప్పాలి. నేను పుట్టింది కోటగిరి దగ్గర ఒక ఊళ్లో. చుట్టూ చెరకు, కాలువ నీళ్లు. ఒకరి మడికి నీళ్లు పోవాలంటే మధ్యలో బండ్లబాట అడ్డం వచ్చేది. మా బాపు ముందురోజు పెద్దమనుషులకు చెప్పి పొద్దున్నే బాట తెంపేవాడు. నీళ్లు అవతలికి పారేవి. ఆ మధ్యలో ఎవరి బండి వచ్చినా నలుగురు కలిసి చక్రాలు లేపి దాటించేవారు. మాపటికి మట్టి పోసి, తొక్కి, బాటను బాటలాగే చేసి ఇంటికి వచ్చేవాడు. బాట తెంపడమంటే నాకు తెలిసింది అదే. పెండ్లయి వచ్చిన ఈ ఊళ్లోనూ అదే తీరు. రోడ్డు మీద పందిరి వేయాలన్నా, మురుగు పోయే మోరీ మీద బండ పరవాలన్నా ఊరి కమిటీని అడిగేవాళ్లం. కొన్నేండ్ల కింద మా ఊరిని నిజామాబాద్ టౌన్‌లో కలిపారు. బోర్డులు మారాయి, ఇంటిపన్ను రసీదు మారింది. పర్మిషన్ అంటే మాత్రం మాకు కమిటీయే గుర్తొచ్చింది.

కొబ్బరికాయ, తమలపాకులు తీసుకుని కమిటీ హాలుకు పోయాను. కమిటీ పెద్దమనిషి మా ఇంటి సంగతి, అత్త సంగతి అడిగాడు. వరసకు నాకు మరిది అవుతాడు. నలుగురూ మాట్లాడుకుని సరే అన్నారు. ఫలానా గల్లీలో రోడ్డు తెంపుతున్నారు, బండ్లు పక్క గల్లీ నుంచి పోవాలని ఊరి మైకులో కూడా చెప్పించారు. మైకులో చెప్పాక ఇంకేం కావాలి? మేస్త్రి కూడా మైకు విన్నాడు. ఆఫీసు కాగితం కమిటీవాళ్లే తెప్పించి ఉంటారనుకుని సిమెంటు కోసే మిషన్ పట్టుకుని వచ్చాడు.

సగం రోడ్డు తెగింది. నేను బయట కూర్చుని పైపు ముక్కలకు అంటిన మట్టి తుడుస్తున్నాను. స్కూటర్ మీద వార్డు ఆఫీసు మనిషి వచ్చి మిషన్ బంద్ చేయించాడు. ఎవరు తెంపమన్నారని అడిగాడు.

"కమిటీ ఒప్పుకున్నదన్నా. మైకుల గూడ చెప్పిండ్రు" అన్నాను.

అతను హెల్మెట్ తీసి బండి మీద పెట్టాడు. "రోడ్డు కమిటీదా అమ్మా?"

ఎదురింటి అక్క గేటు దగ్గర నుంచి అందుకుంది. "మరెవరిదన్నా? దినాం నడిచేది మేమే గద."

"నడిచేది మీరే. తవ్వాల్నంటే మాత్రం ఆఫీసును అడగాలె."

అతను గట్టిగా మాట్లాడలేదు. ఎండలో అట్లాంటివి ఎన్నిటిని ఆపి వచ్చాడో, అలసిపోయినట్టే మాట్లాడాడు. పెద్దమనిషికి ఫోన్ పోయింది. ఆయన బండి మీద వచ్చాడు. ఇద్దరూ పక్కకు పోయి మాట్లాడుకున్నారు. ఆయన తిరిగి పోతూ నావైపు చూడలేదు. గుంత మట్టితో పూడ్పించి, జరిమానా కట్టించుకుని, ఇకపై కాగితం లేకుండా గడ్డపార పట్టొద్దని చెప్పి వార్డు మనిషీ వెళ్లిపోయాడు.

నడి రోడ్డు దాకా ఒక గీత మిగిలింది. మట్టి కుంగి బండ్లు ఎగిరిపడేవి. పడిన ప్రతి బండివాడూ మా ఇంటివైపు చూసి ఏదో ఒకటి అనుకుంటూ పోయేవాడు. వాకిట్లో బీడీలు చుడుతూ అన్నీ వినేదాన్ని.

ఆ తర్వాత ఆఫీసుల చుట్టూ తిరగడం మొదలైంది. నేను అక్షరాలు నేర్చింది యాభై దాటాక, బీడీ కార్ఖానాలో సాయంత్రం పూట పెట్టిన బడిలో. కాబట్టి ఏ గది ఏ శాఖదో తలుపు మీద బోర్డు చదివి తెలుసుకునేదాన్ని. ఎవరినీ అడగాల్సిన పని పడేది కాదు. లోపల ఎవరు ఉంటారో, ఎప్పుడు ఉంటారో బోర్డు మీద రాసి ఉండదు. మీసేవలో దరఖాస్తు పెట్టాను. అది వార్డుకు పోయిందన్నారు. వార్డులో ఇంజనీరింగు వాళ్ల దగ్గర ఉందన్నారు. అది కొత్త రోడ్డు, ఇంకా కాంట్రాక్టరు బాధ్యతలోనే ఉంది, అతను ఒప్పుకోవాలన్నారు. కరెంటు ఆఫీసు వాళ్లు కింద తమ కేబుల్ లేదని రాసివ్వాలన్నారు. కరెంటాయన వచ్చి చూస్తానన్నాడు. చాలా రోజులకు వచ్చి సుద్దతో ఒక గీత గీసి పోయాడు. ఆ మాపటికే వాన పడి గీత పోయింది. మళ్లీ పోయి పిలుచుకొచ్చాను.

ఇవన్నీ ఎవరికైనా తప్పేవి కావు, నాకు తెలుసు. కానీ నేను ఆఫీసు బెంచీ మీద ఉన్నంతసేపూ ఇంట్లో అత్త తడిలో ఉండేది. ఎదురింటి అక్క వచ్చి చూసి మంచినీళ్లు తాగించేది గానీ ఆమె నడుముకు అత్తను లేపే శక్తి లేదు. రేపు రా అమ్మా అని ఎవరైనా అంటే నాకు రేపటి ఆఫీసు కనిపించేది కాదు, రేపటి పక్కబట్టలు కనిపించేవి. ఇంటికి రాగానే చెప్పులు విడవకుండానే బిందె తీసుకుని మళ్లీ రోడ్డు దాటేదాన్ని. అత్త వీపు మీద పుండు మొదలైంది. శుభ్రంగా, పొడిగా ఉంచమని నర్సు చెప్పింది. తలూపాను.

ఇంజనీరు చిన్న వయసు ఆడపిల్ల. ఒకరోజు ఆమె గదిలో జనం పలచబడ్డాక నన్ను కూర్చోమంది. నా కాగితాలన్నీ చూసింది.

"మీరు మమ్ముల తిట్టుకుంటరు గని అమ్మా, కింద ఏమున్నయో మాకే సరిగ్గ తెల్వదు. మొన్న ఒక గల్లీల నల్లా కోసం తవ్వి డ్రైనేజీ పగలగొట్టిండ్రు. ఎవ్వలకు చెప్పకుండ మట్టి కప్పిండ్రు. ఆ నీళ్లు తాగి పిల్లలు దవాఖానల పడ్డరు."

"నేను తిట్టుకుంటలేను బిడ్డా. ఇంక ఎవరి దగ్గరికి పోవాల్నో అది చెప్పు సాలు" అన్నాను.

ఆమె నా ముందే కాంట్రాక్టరుకు ఫోన్ చేసింది. అతను ఏవేవో అన్నాడు. ఆమె వినీ వినీ, సరే రాసి పంపండి అంది. ఆ ఫోన్ కోసం నేను ఎన్నిసార్లు తిరిగానో లెక్కపెట్టుకోలేదు.

పర్మిషన్ వచ్చేసరికి ఎండలు పోయి ఆషాఢం వచ్చింది. ఆటోలో కూర్చుని ఆ కాగితాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివాను. శనివారం నుంచి సోమవారం దాకా తవ్వుకోవచ్చు. ఎర్ర గుడ్డ కట్టాలి. తవ్విన నాడే పూడ్చాలి. పెద్ద పైపుకు మన పైపు కలిపేటప్పుడు ఆఫీసు లైన్‌మన్ దగ్గర ఉండాలి. గడువు దాటితే మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. ఇంటికి వచ్చి అత్తకు చదివి వినిపించాను. ఆమె కండ్లు మూసుకునే వింది.

"ఏ ఆదివారం పడుతది నడిమిట్ల?" అంది.

అప్పుడు కాగితంలో తారీకులు మళ్లీ చూశాను. అది ఊరపండుగ ఆదివారం. చెక్కతో చేసిన దేవతలను మోసుకుని మా గల్లీ మీదుగానే పోతారు. ప్రతి ఇంటివాళ్లూ గడప కడిగి, బిందెతో ఎదురుపోయి దేవతల ముందు నీళ్లు సాకగా పోస్తారు. దేవతలు నడిచే బాట మీద గుంత ఉండకూడదు. అది మా ఊళ్లో ఎప్పటి నుంచో ఉన్న కట్టుబాటు. దాన్ని తప్పినవాళ్లతో ఊళ్లో మాటలు ఆగిపోతాయి.

మళ్లీ ఆఫీసుకు పోయాను. ఇంజనీరు ట్రైనింగుకు హైదరాబాద్ పోయిందన్నారు. తారీకులు మార్చాలంటే కొత్త దరఖాస్తే అన్నాడు క్లర్కు. శనివారం ఒక్కనాడే చేసుకుంటాను, లైన్‌మన్‌ను పంపమన్నాను. అది రెండో శనివారం, సెలవు అన్నాడు. నేను అక్కడే గోడకు ఆనుకుని కొంచెంసేపు నిలబడ్డాను. మళ్లీ కరెంటాయనను, మళ్లీ కాంట్రాక్టరును వెతుక్కుంటూ పోవడం నావల్ల కాదనిపించింది.

శుక్రవారం సాయంత్రం పెద్దమనిషి మా ఇంటికి వచ్చాడు. ఉన్న గడువులోనే, మరునాడు తవ్వడానికి నేను మేస్త్రిని పిలిచానని ఆయనకు తెలిసింది. గడప బయటే నిలబడి, ఈ ఆదివారం దాటనియ్యి వదినె అన్నాడు. తారీకుల సంగతి చెప్పాను. ఆఫీసోళ్లకు ఆషాఢం తెల్వదా అన్నాడు. తెల్వదు అన్నాను.

లోపలి నుంచి అత్త గొంతు వచ్చింది. "ఎవర్రా అది?"

"నేనే పెద్దవ్వా."

"గొంతు గుర్తువట్టిన. లోపలికి రా."

ఆయన చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. వచ్చి రెండడుగులకే ఆగిపోయాడు. ఆ వాసన నాకు అలవాటైపోయింది, ఆయనకు కాలేదు. ముక్కు మూసుకోలేదు, అది ఆయన మంచితనం.

"పండుగనాడు దేవతలకు సాక ఎవల నీళ్లతోని పోస్తర్రా?" అని అడిగింది అత్త.

"ఎవలింటి నీళ్లు వాళ్లయే గద పెద్దవ్వా."

"మరి మా ఇంటియి యేడున్నయి? నా కోడలు ఎదురింట్ల అడుక్కచ్చిన నీళ్లు పొయ్యాల్నా? దేవత నా గడప ముంగట ఆగుతది. నేను గిట్ల తడిల పండి ఆమెను సూడాల్నా? నువ్వు పెద్దమనిషివి, చెప్పు."

ఆయన కిందికి వేలాడుతున్న పక్కబట్ట అంచును చూస్తూ నిలబడ్డాడు. అత్తకు అన్ని మాటలు ఒకేసారి మాట్లాడే సత్తువ లేదు, ఆయాసం వచ్చి ముఖం గోడవైపు తిప్పుకుంది.

ఆయన బయటికి వచ్చి చాలాసేపు బండి తాళంచెవి చేతిలో తిప్పాడు.

"రేపు పొద్దుమూకేలోపల రోడ్డు మూసెయ్యాలె వదినె. నేనే వచ్చి నిలబడుత. మొన్న ఆఫీసాయన ముంగట నా మాట పోయింది. గీసారి ఊరి ముంగట పోనియ్యకు."

శనివారం పొద్దున్నే ఆయన కుర్చీ తెచ్చుకుని గల్లీ మొదట్లో కూర్చున్నాడు. వచ్చిన ప్రతి బండినీ పక్క గల్లీకి పంపాడు. ఎర్ర గుడ్డ దొరకకపోతే ఎదురింటి అక్క కోడలు తన పాత ఎర్ర లంగా చింపి కట్టింది. అట్లైనా ఆఫీసోళ్లు చూసి సిగ్గుపడతారులే అని అక్క నవ్వింది. పాత గుంత ఉన్న సగం తొందరగానే అయింది. మిగతా సగం సిమెంటు గట్టిగా ఉండి మధ్యాహ్నం దాటింది. పైపు వేసి, మట్టి పోసి, నీళ్లు చల్లి, దిమ్మెసతో కొట్టి, పొద్దు వాలకముందే మూశాం. పెద్ద పైపు దగ్గర, ఎదురింటి గోడ పక్కన చిన్న గుంత ఒక్కటే మిగిలింది. లైన్‌మన్ వచ్చి కలిపేదాకా దాన్ని పూడ్చడానికి లేదు. పెద్దమనిషి వచ్చి చూసి, అది రోడ్డు మీద లేదు అన్నాడు. దాని మీద బండ పరిచి వెళ్లిపోయాడు.

ఆదివారం డప్పులు దూరం నుంచే వినిపించాయి. అత్తకు వీపు వెనక దిండ్లు పెట్టి వాకిలి కనిపించేట్టు మంచం తిప్పాను. చివరికి సాక ఎదురింటి నీళ్లతోనే పోశాను, వేరే దారి లేదు. దేవతలు మా ఇంటి ముందుకు వచ్చినప్పుడు మోసేవాళ్లలో ఒకతని కాలు కొత్త మట్టిలో మడమ దాకా దిగబడింది. పైన దేవత పక్కకు ఒరిగింది. డప్పులు తప్పిపోయాయి. పక్కనున్నవాళ్లు పట్టుకున్నారు, అతను కాలు లాక్కున్నాడు, దేవత నిలబడింది. పెద్దమనిషి నావైపు కాకుండా ఆకాశం వైపు చూస్తున్నాడు.

అక్క నా చెవి దగ్గరికి వచ్చింది. "నీ నల్లా మీద దేవత కాలు మోపి పోయింది. ఇగ నీళ్లు ఎట్ల రావో నేనూ సూస్త."

సోమవారం గడువుకు చివరి రోజు. పొద్దున ఫోన్ చేస్తే లైన్‌మన్ వస్తాడన్నారు. మధ్యాహ్నం చేసినా వస్తాడన్నారు. అత్తకు బట్టలు మార్చేటప్పుడు కూడా చెవులు బయటే పెట్టాను. పొద్దు వాలాక అతను వచ్చాడు. ముందురోజు వాళ్ల గల్లీలో దేవతను మోశాడట, ఒక భుజం వాచి చెయ్యి పైకి లేవడం లేదు. ఒక్క చేత్తోనే పైపు కలిపాడు. రెండో చెయ్యి పని మేస్త్రి చేశాడు. గుంత పూడ్చి, బండ తీసి, కాగితం మీద దస్తఖత్ పెట్టి, చాయ్ కూడా తాగకుండా పోయాడు.

మరునాడు నీళ్లు వచ్చాయి. ముందు ఎర్రగా, తర్వాత తెల్లగా. బకెట్లు నింపి, అత్తను నులకమంచం మీదికి మార్చి, వీపు పుండు తడవకుండా ప్లాస్టిక్ గుడ్డ కప్పి, ఎన్నో నెలల తర్వాత తలంటు పోశాను. చిక్కు విడిపించేసరికే రెండు బకెట్లు అయిపోయాయి. ఆమె వెంట్రుకలు ఇంత మెత్తగా ఉంటాయని నాకు ఇన్నేండ్లూ తెలియదు.

"రోడ్డు మీద సిమెంటు ఏసిండ్రా?" అని అడిగింది.

ఇంకా వేయలేదు. అది కాగితంలో ఉంది. రోడ్డును ముందున్నట్టు చేసే పని ఆఫీసుదే, దానికి మేము ముందే డబ్బు కట్టాం. కానీ పోయి అడగకపోతే ఎవరూ రారని అప్పటికే వార్డు ఆఫీసులో చెప్పారు. మట్టి మళ్లీ కుంగడం మొదలైంది.

"పోయి అడగాలె" అన్నాను.

"రేపు పోతవా?"

"పోవాలె గద."

ఆమె తడి చెయ్యి నా మోకాలి మీద వేసింది. "రేపు పోకు. కూసో."

కూర్చున్నాను. నేలంతా తడిగా ఉంది, అట్లాగే కూర్చున్నాను. బకెట్ నిండి నీళ్లు పొర్లుతున్న చప్పుడు వస్తోంది. లేచి నల్లా కట్టేయడానికి కొంచెం ఆలస్యం చేశాను.